వార్నిష్ వేసినా తలుపు ఎందుకు తెల్లబోతుంది?

పుదుచ్చేరి పట్టణాన్ని ఒక కాలువ రెండుగా విడదీస్తుంది. తూర్పున, సముద్రం వైపు, ఫ్రెంచివారు కట్టుకున్న వీధులు. పడమర తమిళ వీధులు. గోడల తీరు, కిటికీల ఎత్తు, అరుగుల పొడవు అన్నీ వేరైనా రెండు వైపులా ఉమ్మడిగా కనిపించేది కలప. ఇటు చెక్కడాలున్న టేకు తలుపులు, అరుగు మీది స్తంభాలు. అటు రెక్కల కిటికీలు, మిద్దెను మోసే దూలాలు. డూప్లే వద్ద దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై ఇంట్లో ఈ రెండు పద్ధతులూ కలిసే ఉంటాయి. కింది అంతస్తు చెక్క స్తంభాలతో దేశీయ పద్ధతిలో ఉంటే, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతిలో ఉంటుంది. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అనే తెలుగు లక్షణ గ్రంథాన్ని అంకితమిచ్చింది ఈ పిళ్లైకే.

ఇన్ని తరాల కలపను కాపాడటం ఈ ఊళ్లో తేలిక పని కాదు. 2014 నవంబరు 29న, భారీ వర్షాల తర్వాత, సముద్రతీరంలో 19వ శతాబ్దం నుంచి నిలిచిన మేరీ భవనం, అంటే పాత పురపాలక సంఘ భవనం, కుప్పకూలింది. అదే రూపంలో తిరిగి కట్టిన భవనాన్ని 2021 ఫిబ్రవరిలో ప్రారంభించారు. పాత కట్టడంలోకి నీరు దిగడం మొదలైతే ఎంత దూరం పోతుందో ఆ ఘటన ఊరంతటికీ చూపించింది. కూలిపోవడం అరుదు. ప్రతి ఇంటికీ ఎదురయ్యేది అంతకంటే చిన్న సమస్య: మొన్న దసరాకు మెరిసిపోయిన తలుపు, వచ్చే వేసవికల్లా పొరలు పొరలుగా లేచి తెల్లబోతుంది. వేసింది మంచి వార్నిషే, వేసినవాడు మంచి పనివాడే. మరి లోపం ఎక్కడుంది? దీనికి జవాబు చెక్కలోనూ, ఎండలోనూ, పూత రసాయనంలోనూ కలిసి ఉంది.

నరికిన తర్వాత కూడా కదిలే పదార్థం

కలప ఎండిపోయాక కూడా గాలిలోని తేమతో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. ఒక స్థిరమైన వాతావరణంలో ఉంచితే కొన్నాళ్లకు చెక్కలోని తేమ ఒక అంకె దగ్గర నిలబడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో సాపేక్ష ఆర్ద్రత 50 శాతం ఉంటే ఆ అంకె దాదాపు 9 శాతం. ఆర్ద్రత 80 శాతానికి చేరితే దాదాపు 16 శాతం. మొదటిది ఏసీ గది పరిస్థితి, రెండోది పుదుచ్చేరిలో ఈశాన్య రుతుపవనాల నాటి మామూలు రోజు.

ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వెడల్పులో, వలయాల వెంట, దాదాపు 5.8 శాతం కుంచించుకుపోతుంది. ఆ కుంచింపు చెక్క తేమ 30 శాతం నుంచి సున్నాకు దిగే మధ్యలో జరుగుతుంది. అంటే తేమ ఒక్క శాతం మారితే వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పున్న పలక 9 శాతం తేమ నుంచి 16 శాతానికి పోతే దాదాపు 4 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. వానాకాలంలో తలుపు గడపకు పట్టేయడానికి, వేసవిలో పలకల మధ్య సందు కనిపించడానికి కారణం ఇదే.

పూత దీన్ని ఆపగలదా? పూర్తిగా ఆపలేదు. అమెరికాలో మాడిసన్ పట్టణంలోని ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల దశాబ్దాలుగా చేసిన పరీక్షలు ఒక విషయం తేల్చాయి: మామూలు పారదర్శక పూతలు నీటి బిందువును ఆపుతాయి గానీ నీటి ఆవిరిని నెమ్మదింపజేస్తాయి, అంతే. పలుచగా రుద్దిన అవిసె నూనె రెండు వారాల తడి గాలిలో దాదాపు ఏమీ ఆపలేదు. నాలుగైదు సార్లు వేసిన గట్టి పొర చాలావరకు జాప్యం చేయగలిగింది. ఈ జాప్యం విలువైనదే. ఒక రోజు వానకు చెక్క పూర్తిగా స్పందించేలోపే మళ్లీ ఎండ వస్తుంది. ఉబ్బడం, కుంచించుకోవడం తగ్గితే పగుళ్లు తగ్గుతాయి.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. చెక్క కదిలితే దాని మీది పొర కూడా కదలాలి. బాగా గట్టిపడి పెళుసుబారిన పొర కదలలేక చిట్లుతుంది. ఆ సన్నని చీలికలోంచి దిగిన వాన నీరు పొర కింద చిక్కుకుంటుంది. లోపలికి రావడానికి దారి దొరికిన నీటికి బయటికి పోవడానికి అంత తేలికైన దారి దొరకదు. అప్పుడు కాపాడాల్సిన పూతే తేమను పట్టి ఉంచుతుంది, బూజుకు ఇల్లు కట్టి ఇస్తుంది.

సముద్రపు గాలి దీనికి ఇంకొంచెం తోడవుతుంది. గాలితో వచ్చే ఉప్పు తలుపు మీద సన్నని పొరగా పేరుకుంటుంది. మామూలు ఉప్పు గాలిలో ఆర్ద్రత 75 శాతం దాటగానే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. తీరంలో రాత్రుళ్లు ఆర్ద్రత తరచు ఆ హద్దు దాటుతుంది కాబట్టి, వాన పడని రోజుల్లోనూ తలుపు పైభాగం తడిగా ఉండవచ్చు. ఇనుప మేకులు, కీళ్లు తుప్పుపట్టి చెక్కను నల్లగా మరక చేసేదీ ఈ తడే.

ఎండకు కరిగిపోయే జిగురు

తేమ కంటే పెద్ద శత్రువు ఎండ. కలపలో సెల్యులోజ్ దారాలను కలిపి పట్టి ఉంచే జిగురు లిగ్నిన్. కలప బరువులో అది 20 నుంచి 30 శాతం ఉంటుంది. భూమిని చేరే సూర్యకాంతిలో 300 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కిరణాలు కొద్దిగానే ఉంటాయి. కానీ వాటి ఒక్కో ఫోటాన్ చాలా బలమైనది. మోల్ లెక్కన చూస్తే ఆ శక్తి దాదాపు 400 కిలోజౌళ్లు. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఏకబంధం తెగడానికి సుమారు 350 కిలోజౌళ్లు చాలు. ఎర్రటి కాంతి ఫోటాన్‌కు ఇందులో సగం శక్తి మాత్రమే ఉంటుంది. అందుకే దీపం వెలుతురుకు వందేళ్లు నిలిచే చెక్క, ఎండకు ఒక్క ఏడాదిలోనే రంగు మారుతుంది.

లిగ్నిన్ ఈ కిరణాలను బాగా పీల్చుకుంటుంది. బంధాలు తెగి ఏర్పడిన ఫ్రీ రాడికల్స్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మరిన్ని బంధాలను తెంచుతాయి. మొదట చెక్క పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత విరిగిన లిగ్నిన్‌ను వాన కడిగేస్తుంది. మిగిలిన తెల్లటి సెల్యులోజ్ దారాలు పైకి తేలి, బూజు మచ్చలతో కలిసి బూడిద రంగుగా కనిపిస్తాయి. అతినీలలోహిత కిరణాలు చెక్కలోకి చొచ్చుకుపోయే లోతు సుమారు 75 మైక్రాన్లు, అంటే ఒక తలవెంట్రుక మందం. కాబట్టి బూడిద రంగు తిరిగిన పాత తలుపు లోపల చాలావరకు ఆరోగ్యంగానే ఉంటుంది. చల్లటి దేశాల మెత్త కలప మీద జరిపిన కొలతల ప్రకారం, ఏ పూతా లేని నిలువు చెక్క వందేళ్లలో అరిగేది దాదాపు 6 మిల్లీమీటర్లే.

అసలు ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. పారదర్శక పూత అంటే కాంతిని లోపలికి పోనిచ్చే పూత. చెక్క అందాన్ని మన కంటికి చూపించే గుణమే, ఎండను చెక్క దాకా చేర్చే గుణం కూడా. వార్నిష్ పొర చెక్కుచెదరకుండా ఉన్నా, దాని కిందున్న తలవెంట్రుక మందం చెక్క లిగ్నిన్ కోల్పోయి పిండిలా మారుతుంది. పొర అతుక్కున్నది ఆ పిండికే. పునాది పోయాక గోడ నిలవనట్టు పొర పెచ్చులుగా లేస్తుంది. వార్నిష్ ఊడిపోయిందని అంటాం గానీ, నిజానికి చాలాసార్లు ఊడేది దాని కింది చెక్క.

రంగులకు ఈ బాధ లేదు. టైటానియం డయాక్సైడ్ వంటి వర్ణద్రవ్యాలు అతినీలలోహిత కిరణాలను చెక్క దాకా రానివ్వవు. నేరుగా ఎండ తగిలే వీధి కిటికీల రెక్కలకు రంగు వేసి, అరుగు నీడలో ఉండే చెక్కడపు తలుపును చెక్క రంగులోనే ఉంచే పద్ధతి అందం కోసమే పుట్టి ఉండవచ్చు, కానీ దాని వెనుక సైన్స్ కూడా సరిగ్గా సరిపోతుంది.

పారదర్శకంగానే ఉంటూ ఎండను ఆపాలంటే పూతలో రెండు రకాల మందులు కలపాలి. మొదటివి అతినీలలోహిత శోషకాలు: కిరణాన్ని తాము పీల్చుకుని హాని లేని వేడిగా మార్చేవి. బెంజోట్రయజోల్ జాతి రసాయనాలు ఇలాంటివే. రెండోవి అమైన్ స్థిరీకారకాలు: అప్పటికే పుట్టిన ఫ్రీ రాడికల్స్‌ను పట్టి శాంతింపజేసేవి. జింక్ ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్ వంటి వాటి నానో రేణువులతోనూ పరిశోధనలు సాగుతున్నాయి. రేణువు కాంతి తరంగదైర్ఘ్యం కంటే చాలా చిన్నదైతే కంటికి కనిపించే కాంతిని చెదరగొట్టదు, అతినీలలోహితాన్ని మాత్రం మింగుతుంది. కలపపై ఎండ ప్రభావాన్ని, దాన్ని తట్టుకునే పూతలను బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు కూడా అధ్యయనం చేస్తూ వచ్చారు. అయితే ఈ మందులేవీ శాశ్వతం కావు. ఎండ వాటినీ క్రమంగా ఖర్చు చేస్తుంది.

పూత పడగానే రంగు ఎందుకు తేలుతుంది?

చిత్రిక పట్టిన పొడి టేకు కాస్త పాలిపోయి ఉంటుంది. నూనె గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, తేనె రంగు, నల్ల చారలు పైకి తేలుతాయి. పూత కొత్త రంగేమీ ఇవ్వలేదు. పొడి చెక్క పైభాగంలో తెగిన కణాలు గాలితో నిండి ఉంటాయి. గాలి వక్రీభవన గుణకం 1, చెక్క పదార్థానిది 1.5కి కొంచెం పైన. ఈ తేడా వల్ల ప్రతి కణపు గోడ దగ్గరా కాంతి చెదురుతుంది, చూపుకు తెల్లటి తెర కమ్మినట్టుంటుంది. నూనె, వార్నిష్‌ల గుణకం కూడా 1.5 దగ్గరే కాబట్టి ఆ ఖాళీలు నిండగానే చెదరడం తగ్గి, కాంతి లోపలికి దిగి చెక్క అసలు రంగుతో తిరిగి వస్తుంది. తడిసిన ఖద్దరు ముదురుగా కనిపించేది కూడా ఇందుకే.

నూనె, లక్క, ప్లాస్టిక్ పొర

పారదర్శక పూతలు ఎన్ని పేర్లతో దొరికినా అవి గట్టిపడే తీరును బట్టి మూడు కుటుంబాలు.

మొదటిది ఆరే నూనెల కుటుంబం. అవిసె నూనె ఆరడం అంటే నీరులా ఆవిరవడం కాదు. అది గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడుతుంది. అందుకే ఆరిన నూనె బరువు తగ్గదు, పెరుగుతుంది. నూనె చెక్కలోకి ఇంకుతుంది, మీద పొర కట్టదు, కాబట్టి పెచ్చులూడే బెడద లేదు. పాతబడితే మళ్లీ రుద్దుకోవచ్చు. తేమను ఆపే శక్తి మాత్రం తక్కువ.

ఈ ఆరే క్రమంలో వేడి పుడుతుంది. పలక మీద అది గాలికి పోతుంది. కానీ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వేడి బయటికి పోలేక పెరుగుతుంది, వేడి పెరిగితే చర్య ఇంకా వేగమవుతుంది, చివరికి నిప్పు పెట్టకుండానే గుడ్డ అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనం తగలబడింది. చెక్క పలకలకు మెరుగుపెట్టే పనివాళ్లు 22వ అంతస్తులో వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణమని దర్యాప్తులో తేలింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వాడిన గుడ్డలను బయట ఒంటి పొరగా పరిచి ఆరబెట్టాలి, లేదా మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచాలి. ఇది చిన్న పనికీ పెద్ద పనికీ ఒకటే నియమం.

టేకుతో నూనెకు, వార్నిష్‌కు ఇంకో పేచీ ఉంది. చెదపురుగుల నుంచి, కుళ్లు నుంచి టేకును కాపాడే సహజ రసాయనాల్లో కొన్ని ఆక్సీకరణను అడ్డుకునే గుణం కలవి. ఆక్సిజన్‌తోనే గట్టిపడాల్సిన పూతకు అవి అడ్డుపడతాయి. రోజులు గడిచినా వేలికి జిగురు తగులుతుంది. పూతకు కాస్త ముందు అసిటోన్ లాంటి ద్రావణితో పైభాగాన్ని తుడిస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

రెండోది లక్క కుటుంబం. లక్క పురుగు స్రవించే జిగురును శుద్ధి చేస్తే షెల్లాక్ వస్తుంది. దాన్ని స్పిరిట్‌లో కరిగించి రుద్దేదే పాతకాలపు స్పిరిట్ పాలిష్. ఇందులో రసాయన చర్య లేదు: స్పిరిట్ ఎగిరిపోతుంది, లక్క మిగులుతుంది. మళ్లీ స్పిరిట్ తగిలితే కరుగుతుంది కాబట్టి మరమ్మతు తేలిక. తేమ ఆవిరిని నెమ్మదింపజేయడంలో ఇది చాలామంది ఊహించినదానికంటే మెరుగైనది. కానీ వేడికి, నిలిచిన నీటికి ఓర్వలేదు. బల్ల మీద వేడి కాఫీ గ్లాసు వదిలే తెల్లటి వలయం దీని సంతకమే. బయటి తలుపుకు ఇది పనికిరాదు.

అసలు స్పిరిట్ కూడా అక్కర్లేకుండా లక్కను ఎక్కించే విద్య ఆంధ్రప్రదేశ్‌లోని ఏటికొప్పాకలో ఉంది. తరిణె మీద గిర్రున తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికే లక్క మెత్తబడి కర్రకు అంటుకుంటుంది. చివరికి మొగలి ఆకుతో ఒత్తితే అద్దంలా మెరుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇదే స్పిరిట్ పాలిష్ వానాకాలంలో పాలలా తెల్లబడటం పనివాళ్లందరికీ తెలిసిన బాధ. స్పిరిట్ ఎగిరేటప్పుడు పైభాగాన్ని చల్లబరుస్తుంది. 30 డిగ్రీల గాలిలో ఆర్ద్రత 80 శాతం ఉంటే, మంచు పట్టే ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు. అంటే చెక్క ఉపరితలం నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, గాలిలోని ఆవిరి దాని మీద నీరై లక్కలో చిక్కుకుంటుంది. ఆర్ద్రత 60 శాతమైతే ఎనిమిది డిగ్రీలకు పైగా చల్లబడాలి, అది అంత తేలిగ్గా జరగదు. అందుకే ముసురు రోజున పాలిష్ పని ఆపడం సోమరితనం కాదు, లెక్క.

మూడోది రెసిన్ పొరల కుటుంబం: మామూలు వార్నిష్‌లు, మెలమైన్, పాలీయురేథేన్. జర్మనీలో ఓటో బేయర్ బృందం 1937లో పాలీయురేథేన్‌ను కనిపెట్టింది. నేడు 'పియు పాలిష్' అని పిలిచేది ఆ కుటుంబానిదే. గీతలను, నీటిని బాగా తట్టుకుంటుంది. రెండు డబ్బాలు కలిపి వేసే రకంలోని ఐసోసయనేట్ నీటితో కూడా చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. తడి చెక్క మీద వేస్తే పొరలో సన్నని బుడగలు లేవడానికి ఒక కారణం ఇది. ఐసోసయనేట్ తుంపర పీల్చితే ఉబ్బసం రావచ్చు. మెలమైన్ పూతలు ఆరేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. స్ప్రే పనికి మామూలు గుడ్డ అడ్డం కట్టుకుంటే చాలదు, రసాయన ఆవిరిని ఆపే మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. నీటి ఆధారిత పూతల్లో ద్రావణి ఆవిరులు తక్కువ. వాసన తక్కువ, పసుపు తిరగడమూ తక్కువే.

గోల్కొండ్ చెప్పే పాఠం

పాలీయురేథేన్ పుట్టిన 1937లోనే పుదుచ్చేరిలో ఒక భవన నిర్మాణం మొదలైంది. శ్రీ అరవింద ఆశ్రమవాసుల కోసం కట్టిన ఆ వసతి గృహం పేరు గోల్కొండ్. హైదరాబాద్ సంస్థానపు సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వ విరాళం అందినందున, గోల్కొండ పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టారు. రూపకర్త చెక్ మూలాలున్న వాస్తుశిల్పి ఆంటోనిన్ రేమండ్. స్థలంలో ఉండి పని నడిపినవారిలో జార్జ్ నకాషిమా ఒకరు. తర్వాత ఆయన అమెరికా వెళ్లి, చెక్క సామాను తయారీలో 20వ శతాబ్దపు ప్రముఖుల్లో ఒకరయ్యారు. 1964లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలోనూ పనిచేశారు. చెక్క సహజ రూపాన్ని కప్పేయని, చేత్తో రుద్దిన నూనె మెరుగు ఆయన పనికి గుర్తుగా నిలిచింది.

గోల్కొండ్ భారతదేశంలోని తొలి ఆధునిక కాంక్రీటు భవనాల్లో ఒకటి. దాని బయటి ముఖం మీద పై నుంచి కింది దాకా తిప్పి తెరవగల సిమెంటు రెక్కలు ఉంటాయి. ఎండనూ వాననూ మోసేది ఆ రెక్కలే. టేకు వాడింది లోపల: గదులకూ నడవాకూ మధ్య గాలి ఆడే సందులతో జరిపే తలుపులు, గదుల్లోని సామాను. చెక్కకు గాలి అందుతుంది, నీడ అందుతుంది, నేరుగా ఎండా వానా తగలవు. పూతల శాస్త్రం ప్రయోగశాలల్లో తేల్చిన దాన్ని ఆ నిర్మాణం ముందే పాటించింది. చెక్కకు వేయగల మొదటి పూత నీడ. చూరు, అరుగు, రెక్కల కిటికీ చేసే పనిలో ఎంత ఖరీదైన వార్నిష్ అయినా సగం కూడా చేయలేదు.

వేసే పద్ధతిలో ఎక్కడ జాగ్రత్త పడాలి?

కాలం ఎంచుకోవడంతో పని మొదలవుతుంది. పుదుచ్చేరిలో, కోస్తా ఆంధ్రలోనూ, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వానలు దాదాపు ఉండవు. ఈశాన్య రుతుపవనాల తడి చెక్కలోంచి అప్పటికి దిగిపోతుంది. ఉదయపు తేమ తగ్గాక మొదలుపెట్టి, సాయంత్రం మంచుకు ముందే ఆపడం మేలు. నేరుగా ఎండ పడుతున్న పలక మీద వేస్తే పై పొర ముందే ఆరి లోపలి ద్రావణి బుడగలవుతుంది. ఆ వైపు నీడ వచ్చేదాకా ఆగాలి.

తర్వాత శుభ్రం. తీరపు ఇళ్లలో ముందుగా మంచినీటితో కడిగి ఉప్పును వదిలించి, పూర్తిగా ఆరనివ్వాలి. ఊడుతున్న పాత పొరనూ, బూడిద రంగు తిరిగిన చెక్కనూ గరుకు కాగితంతో తీసేయాలి. మొదట 80 లేదా 100 నంబరు, తర్వాత 120, చివర 180. చెక్క చారల దిశలోనే రుద్దాలి. చారలకు అడ్డంగా రుద్దిన గీతలు పూత పడ్డాక స్పష్టంగా బయటపడతాయి. బాగా నున్నగా చేయాలని ఇంకా పెద్ద నంబర్లకు పోతే బయటి తలుపు మీద పూతకు పట్టు తగ్గవచ్చు.

చిత్రిక పట్టిన చెక్కను ఎండలో వదిలేయకూడదు. కొత్త చెక్క రెండు నుంచి నాలుగు వారాలు ఎండలో ఉన్నా దాని మీద పూత పట్టు గణనీయంగా తగ్గుతుందని మాడిసన్ పరీక్షలు చూపాయి. కంటికి తేడా కనిపించకపోయినా లిగ్నిన్ అప్పటికే విరిగి ఉంటుంది.

అంచులు, చివరలు ఎక్కువ జాగ్రత్త కోరతాయి. చెక్క చారల చివరి ముఖం, అంటే కోసిన మొన, గొట్టాల కట్టలాంటిది. పక్క ముఖం కంటే అనేక రెట్లు వేగంగా నీరు తాగుతుంది. తలుపు అడుగు అంచు ఎవరికీ కనిపించదు కాబట్టి పూత పడకుండా మిగిలిపోతుంది, కుళ్లు మొదలయ్యేదీ తరచు అక్కడే. తలుపు దించి, అడుగుకూ తలకూ రెండు మూడు పూతలు ఎక్కువ వేయాలి. పదునైన అంచులను కాస్త గుండ్రంగా రుద్దాలి. ద్రవం తలతన్యత వల్ల మొన మీద నిలవక పక్కలకు జారుతుంది, పొర పలచబడుతుంది.

మొదటి పూతను డబ్బా మీద చెప్పిన ద్రావణితో పలచన చేసి వేస్తే లోపలికి దిగుతుంది. తర్వాతి పూతలు పలచగా, ఎక్కువసార్లు. ఒక లెక్క చూస్తే మందం ఎంతో తెలుస్తుంది. ఒక లీటరును 10 చదరపు మీటర్లకు పరిస్తే తడి పొర 100 మైక్రాన్లు. డబ్బాలోని గట్టి పదార్థం ఘనపరిమాణంలో 40 శాతమైతే ఆరాక మిగిలేది 40 మైక్రాన్లు. రెండు పూతలు వేస్తే అది ఒక తలవెంట్రుక మందం దాటదు. బయటి తలుపుకు రెండు పూతలు చాలకపోవడానికి కారణం ఇదే. పూతకూ పూతకూ మధ్య 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరాకే తర్వాతిది వేయాలి.

ఒక్క విషయంలో ఏ పూత మీదా ఆశ పెట్టుకోకూడదు. పారదర్శక పూత చెదలను ఆపదు. గోడలో దిగిన దూలపు చివరకు నీరు కారుతుంటే దాన్నీ నయం చేయదు. ముందు మిద్దె కారడం ఆగాలి, తర్వాతే పాలిష్.

ఊడకముందే వేయడం

పారదర్శక పూతల విషయంలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఆలస్యం వల్ల. పొర మెరుపు తగ్గి, ఇంకా పగలని దశలో తేలిగ్గా రుద్ది ఒక పూత వేస్తే ఒక పూట పని. పెచ్చులు లేచేదాకా ఆగితే మొత్తం గీకి, చెక్క పైపొర తీసి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. ప్రతిసారీ కొంత చెక్క పోతుంది. చెక్కడం ఉన్న తలుపు మీద ఆ పోయేది పూల రేకుల అంచులు, దేవతల కళ్లు. ఇల్లు మళ్లీ కట్టవచ్చు గానీ, రుద్ది పోగొట్టిన చెక్కడం తిరిగి రాదు.

ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, ఎండ ఎక్కువ తగిలే చోటా, తలుపు అడుగు భాగంలోనూ నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడాలి. చుక్క గుండ్రంగా నిలిస్తే పూత పనిచేస్తోంది. పరుచుకుని, కొన్ని నిమిషాల్లో కింది చెక్క ముదురు రంగుకు తిరిగితే నీటికి దారి దొరికినట్టే. దక్షిణం, పడమర ముఖాలు ముందుగా అలసిపోతాయి, ఉత్తరపు తలుపు ఏళ్లు ఆగగలదు. కాబట్టి ఇల్లంతటికీ ఒకే తేదీ పెట్టుకోనక్కర్లేదు. నీడలో ఉన్న తలుపుకు నూనె చాలవచ్చు, అరుగు అంచున ఉన్నదానికి అతినీలలోహిత రక్షణ ఉన్న వార్నిష్ కావాలి, నడివీధి ఎండలో నిలిచే రెక్కకు రంగే మేలు. ఒకే ఇంటిలో మూడూ ఉండవచ్చు. ఏ చెక్కకు ఎంత ఎండ, ఎంత వాన తగులుతోందో ముందు చూసి, తర్వాతే డబ్బా కొనాలి.